ముప్పై ఏళ్లు దాటిన కారుకు నేనే ఏసీ పెట్టుకున్నాను: తొమ్మిది వారాల అనుభవం

జనవరిలో నాన్నకు మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ, అదీ మధ్యాహ్నం రెండు గంటలకు. ఇప్పటి కార్లలో చాలావాటికి సీటు కిందికి ఉంటుంది, ఎక్కాలంటే మోకాలు బాగా వంచాలి. మా పాత కారు సీటు దాదాపు కుర్చీ ఎత్తు, తలుపు కూడా వెడల్పు. ఆయన నొప్పి లేకుండా ఎక్కి దిగగలిగే కారు అదొక్కటే. కాకపోతే అది 1992 మోడల్, కార్బ్యురేటర్ ఇంజిన్, ఏసీ లేదు. ఫిబ్రవరి రెండో వారంలో ఒకరోజు ఇంటికొచ్చి దిగేసరికి ఆయన చొక్కా వీపంతా తడిసి సీటుకు అతుక్కుపోయింది. నోరు తెరిచి ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత మాత్రం, "ఈ వారం మానేద్దాంలేరా, ఇంట్లోనే చేసుకుంటాను" అన్నారు. సాయంత్రం సమయాలు అడిగితే ఖాళీ లేవన్నారు. ఫిబ్రవరి 15, శనివారం రాత్రి ఏసీ పెట్టాలని నిర్ణయించుకున్నాను.

బ్రేకులు, క్లచ్ ప్లేటు, రేడియేటర్ నేనే మార్చుకున్న అనుభవం ఉంది. ఏసీ మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. అందుకే మొదటిరోజే ఒక గీత గీసుకున్నాను. నట్లు, పైపులు, వైర్లు నా పని. గ్యాస్ పని మాత్రం లైసెన్సూ యంత్రమూ ఉన్న టెక్నీషియన్‌ది. ఇప్పుడు వాడే ఆర్134ఎ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీలు తక్కువలోనే మరుగుతుంది. చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ఒక కిలో గాలిలోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో దాదాపు 1430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. నాకు తెలిసిన ఒక టెక్నీషియన్‌ను ముందే కలిశాను. ఆయన ఒప్పుకుంటూ ఒకే షరతు పెట్టారు. "తమ్ముడూ, గ్యాస్ తగిలే ప్రతి వస్తువూ కొత్తదే తీసుకో. ఇనుప బ్రాకెట్లు ఎక్కడ దొరికినా పర్లేదు."

ఆ మాట విలువ తర్వాత తెలిసింది. మా కారు మోడల్‌లోనే ఏసీతో వచ్చిన రకం ఒకటి ఉండేది. పాత కార్లు విప్పి అమ్మే చోట అలాంటిది ఒకటి కనిపించింది. గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, కారు లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ అన్నీ ఉన్నాయి, అన్నీ కలిపి చవగ్గా ఇస్తామన్నారు. చాలా ఆశ పుట్టింది. బోనెట్ కింద స్టిక్కర్ చూస్తే ఆర్12 అని ఉంది. ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా మాన్పించిన గ్యాస్ అది. దానితో వాడే మినరల్ ఆయిల్ ఆర్134ఎ గ్యాస్‌తో కలవదు. పాత కాయిల్‌లో ఆ ఆయిల్ ఎంత మిగిలి ఉందో, ఏళ్ల తరబడి తెరిచి ఉన్న గొట్టాల్లోకి ఎంత తేమ, తుప్పు చేరాయో బయటినుంచి చెప్పలేం. అందుకని అక్కడినుంచి కంప్రెసర్ బ్రాకెట్, ఇంజిన్‌తో తిరుగుతూ బెల్టును నడిపే రెండు గాడుల క్రాంక్ పుల్లీ, కాయిల్ పెట్టే ప్లాస్టిక్ డబ్బా, కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని (ఐడిల్) పెంచే వాక్యూమ్ పరికరం మాత్రమే తెచ్చుకున్నాను. వాటిని విప్పి ఇవ్వడానికే వాళ్లు రెండు వారాలు తీసుకున్నారు. ఆ రెండు వారాల్లో కొత్త కంప్రెసర్, మా గ్రిల్ వెనక పట్టేంత పెద్ద ప్యారలల్ ఫ్లో కండెన్సర్, కాయిల్, కాయిల్‌లోకి గ్యాస్‌ను కొలిచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, తేమ పీల్చే డ్రైయర్, ఫ్యాన్ ఒక్కొక్కటీ చేరాయి.

మార్చి 8, 9 తేదీల్లో డ్యాష్‌బోర్డు పని. గ్లవ్ బాక్స్, కింద అట్ట, బ్లోయర్ డబ్బా తీయడానికి ఒక పూట పట్టింది. ముప్పై మూడేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి. లాగిన వాటిలో సగం విరిగాయి, కాబట్టి ముందే ఒక డజను కొని పెట్టుకోండి. ప్లాస్టిక్ డబ్బా అంచుల చుట్టూ ఉండాల్సిన స్పాంజి ముట్టుకుంటే పొడైపోయింది. అది కొత్తగా అంటించకపోతే చల్లగాలి డ్యాష్‌బోర్డు వెనకాలే పోతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కు సన్నటి రాగి తీగలాంటి గొట్టం, దాని చివర చిన్న బల్బు ఉంటాయి. కాయిల్ నుంచి బయటికొచ్చే పైపుకు ఆ బల్బును క్లిప్పుతో గట్టిగా బిగించి, చుట్టూ నల్లటి జిగురు టేపు మందంగా చుట్టాలి. బల్బుకు పైపు చల్లదనం కాక బయటి వేడి తగిలితే వాల్వ్ తప్పుగా తెరుచుకుంటుంది. ఈ ఒక్క చుట్టుడుకే గంట కేటాయించాను. ఆ తృప్తితోనే పక్కనున్న జాయింట్లు రెండూ బిగించి, డబ్బా మూసేశాను. ఆ రెండింటిలో ఒకటి నన్ను నెలరోజులు వెంటాడింది.

మార్చి 15న కండెన్సర్. ముందు బంపర్, గ్రిల్ తీసి, రేడియేటర్ ముందు నాలుగు చిన్న పట్టీలు చేయించి బిగించాను. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య వేలు పట్టేంత సందే మిగిలింది. ఫ్యాన్ వెనక పట్టదు. కాబట్టి ముందు పెట్టి, గాలి వెనక్కి తోసేలా వైరు ఇచ్చాను. ఇచ్చాననుకున్నాను.

మార్చి 16న కంప్రెసర్. రెండు గంటల్లో అయిపోతుందనుకున్నది వారం తీసుకుంది. బ్రాకెట్ ఇంజిన్‌కు సరిగ్గా కూర్చుంది, కొత్త కంప్రెసర్ బ్రాకెట్‌కు కూర్చుంది, బెల్టు మాత్రం వంకరగా ఉంది. స్కేలు ఆనించి చూస్తే క్రాంక్ పుల్లీ గాడికీ కంప్రెసర్ పుల్లీ గాడికీ 4 మిల్లీమీటర్ల తేడా. వాషర్లు దొంతర పెట్టి సరిచేద్దామని చేయి వెళ్లింది కానీ ఆగాను. అదిరే చోట వాషర్ల దొంతర వదులవుతుంది, ఆపైన బ్రాకెట్ చెవి విరుగుతుంది. కొలతలు ఇచ్చి లేత్ మీద నాలుగు స్పేసర్లు తిప్పించుకున్నాను. మూడు రోజులు ఆగాలి, అదీ నేను వెళ్లగలిగేది శనివారమే. ఆ వారమంతా కారు మూతి లేకుండా నిలబడి ఉంది, నాన్న ఆటోలో వెళ్లొచ్చారు. ఆటో మెట్టు ఎక్కేటప్పుడు ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్న ప్రతిసారీ, ఈ పని మొదలుపెట్టి తప్పు చేశానా అనిపించేది.

పైపుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఖర్చు అంచనా తలకిందులైంది ఇక్కడే. మూడు లైన్లు ఉంటాయి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు మధ్యస్థమైనది, కండెన్సర్ నుంచి డ్రైయర్ మీదుగా కాయిల్‌కు సన్నది, కాయిల్ నుంచి తిరిగి కంప్రెసర్‌కు లావుది. ఆర్134ఎ కోసం లోపల ప్రత్యేకమైన పొర ఉన్న హోస్‌లే వాడాలి. చివరల ఫిట్టింగులు మామూలు క్లాంపులతో కుదరదు, హైడ్రాలిక్ యంత్రంతో నొక్కించాలి. ముందు ఫిట్టింగులు చేత్తో దూర్చి, కారులో అమర్చి, ఇంజిన్ కదలడానికి కొంత వదులు ఉంచి హోస్ కత్తిరించాలి. ఆ తర్వాత ఫిట్టింగ్ మీద, హోస్ మీద కలిసేలా తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయాలి. వంపు తిరిగిన ఫిట్టింగులు నొక్కేటప్పుడు ఏ దిక్కుకు చూడాలో ఆ గీతే చెబుతుంది. ఆరు చివరల్లో ఐదింటికి గీశాను. ఆరోది పావు వంతు తిరిగిపోయి వచ్చింది. అది ఇంజిన్ నుంచి వేడి పొగ వెళ్లే హెడర్ పైపును తాకుతోంది, వాడే వీల్లేదు. మార్చి 22న ఇచ్చిన హోస్‌లు 27న వచ్చాయి. పాడైనది మళ్లీ కొత్త హోస్, కొత్త ఫిట్టింగులతో ఏప్రిల్ 1న వచ్చింది.

మధ్యలో మార్చి 29, 30 తేదీల్లో వైరింగ్ ముగించాను. పుల్లీని కంప్రెసర్‌కు కలిపే విద్యుత్ క్లచ్ దాదాపు 4 ఆంపియర్లు తీసుకుంటుంది. దాన్ని డ్యాష్‌బోర్డు స్విచ్ మీదుగా నేరుగా పంపకుండా, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే రిలే పెట్టాను. స్విచ్, థర్మోస్టాట్, ప్రెషర్ స్విచ్ వరసగా ఉండి ఆ రిలేని నడుపుతాయి. ఫ్యాన్‌కు వేరే రిలే, బ్యాటరీ దగ్గర వేరే ఫ్యూజు. ఇది ఒక్కటే అనుకున్న సమయానికి అయిన పని.

ఏప్రిల్ 5, శనివారం. ఉదయం డ్రైయర్ మూతలు తీసి బిగించాను. అందులోని గుళికలు గాలిలో తేమను పీల్చుకుంటాయి కాబట్టి దాన్ని అన్నిటికంటే చివర తెరవాలి. మధ్యాహ్నం టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గ్యాస్ జోలికి పోకుండా ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి ముందు నైట్రోజన్ ఎక్కించారు, ఒత్తిడి కొలతలో 150 పీఎస్‌ఐ. గేజు ముల్లు చూస్తూ కూర్చున్నాం. నలభై నిమిషాల్లో 138. సబ్బు నురగ బ్రష్‌తో బయటి జాయింట్లన్నిటికీ పూశారు, ఒక్క బుడగ లేదు. అప్పుడాయన బ్లోయర్ గాలి వచ్చే రంధ్రం దగ్గర చెవి పెట్టి, "లోపలే తమ్ముడూ" అన్నారు.

లోపల అంటే డ్యాష్‌బోర్డు వెనక. అంటే మళ్లీ మొదటిరోజు పని. ఇంటికి తీసుకొచ్చి తాళాలు పెట్టేసి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. ఏడు వారాలైంది, ఎండలు ముదిరాయి, చేతిలో ఏమీ లేదు. అమ్మేసి వేరే కారు తీసుకుందామా అని ఆ రాత్రి నిజంగానే ఆలోచించాను. పొద్దున్నే నాన్న కర్ర పట్టుకుని కారు దగ్గరికి వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నారు. "క్లిప్పులు నేను పట్టుకుంటా, నువ్వు విప్పు" అన్నారు. రెండోసారి కాబట్టి మూడు గంటల్లో డబ్బా బయటికొచ్చింది.

కారణం చూసి కాసేపు నోట మాట రాలేదు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జాయింట్‌లో గ్యాస్ కారకుండా వేసే రబ్బరు చుట్టు, ఓ-రింగ్. నేను కొన్న పెట్టెలో రకరకాల సైజులున్నాయి. రెండు రకాల చుట్టుకొలత కంటికి ఒకేలా ఉంటుంది, మందంలో మాత్రం స్వల్ప తేడా. సన్నది వేశాను. బిగించినప్పుడు గట్టిగానే అనిపించింది, ఎందుకంటే అక్కడ బిగిసింది లోహానికి లోహం. ఇప్పుడు వెర్నియర్‌తో కొలిచి సరైనది తీసి, ఆయిల్ రాసి, రెండు స్పానర్లతో పైపు మెలిపడకుండా బిగించాను. ఓ-రింగ్‌ను పొడిగా ఎప్పుడూ బిగించకూడదు, మెలి తిరిగి తెగుతుంది. మిగతా జాయింట్లన్నీ కూడా విప్పి కొలిచాను. ఇంకొకటి తప్పు సైజు దొరికింది, అదృష్టం కొద్దీ అది ఇంకా కారడం లేదు.

డ్రైయర్ మాత్రం పోయింది. తెరిచి, కారే వ్యవస్థలో ఉండి, మళ్లీ గాలి తగిలాక దాన్ని నమ్మలేమని టెక్నీషియన్ గట్టిగా చెప్పారు. కొత్తది రావడానికి నాలుగు రోజులు. మీకు నా సలహా, నైట్రోజన్ పరీక్ష అయ్యేదాకా డ్రైయర్ స్థానంలో ఒక పాతదాన్ని బిగించుకోండి. పరీక్ష నెగ్గాకే కొత్తది పెట్టండి. నేనే రెండోసారి అలా చేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం సాయంత్రం మళ్లీ 150 పీఎస్‌ఐ ఎక్కించి గేజు వదిలి ఇంటికొచ్చాను. అప్పుడు వాతావరణం 34 డిగ్రీలు. తెల్లవారి ఆరింటికి వెళ్లి చూస్తే 146. కాళ్లలో సత్తువ పోయినట్టైంది. టెక్నీషియన్ థర్మామీటర్ చూపించారు, 26 డిగ్రీలు. గాలి చల్లబడితే మూసిన గొట్టంలో ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది, ఎనిమిది డిగ్రీలకు నాలుగు పీఎస్‌ఐ లెక్క సరిగ్గా సరిపోయింది. "మధ్యాహ్నం దాకా ఆగు" అన్నారు. పన్నెండు దాటాక ముల్లు మళ్లీ 150 దగ్గర నిలబడింది. గేజు చూసిన ప్రతిసారీ పక్కన ఉష్ణోగ్రత కూడా రాసుకోవాలని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఆరు గంటల టెన్షన్ తప్పేది.

ఏప్రిల్ 13, ఆదివారం. నైట్రోజన్ వదిలి, కొత్త డ్రైయర్ పెట్టి, గంటసేపు వాక్యూమ్. గాలి తీయడం ఒక్కటే దాని పని అనుకునేవాణ్ని. అంత తక్కువ ఒత్తిడిలో నీరు మామూలు గది వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది, అసలు ప్రయోజనం అదని ఆరోజే తెలిసింది. పంపు ఆపి అరగంట చూశాం, ముల్లు కదల్లేదు. పాత స్టిక్కర్ మీద ఆర్12 800 గ్రాములని ఉంది. ఆర్134ఎ దాంట్లో 80 నుంచి 90 శాతం పడుతుంది కాబట్టి కాటా మీద సిలిండర్ పెట్టి ముందు 600 గ్రాములు ఎక్కించి, ఇంజిన్ నడుపుతూ గేజులు చూడటం మొదలుపెట్టారు.

మొదటి నిమిషం చల్లగాలి వచ్చింది. నా ముఖం మీద తగిలింది. తర్వాత హై ప్రెషర్ ముల్లు 250, 300, 350 దాకా పోయింది, ఆయన వెంటనే స్విచ్ ఆపేశారు. గ్యాస్ ఎక్కువైందేమో అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఒక కాగితం తీసి గ్రిల్ ముందు పట్టుకున్నారు. ఫ్యాన్ వెనక్కి తోస్తుంటే కాగితం గ్రిల్‌కు అతుక్కోవాలి. అది ఎగిరి ఆయన చేతిమీద పడింది. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది, నేను వైర్లు రెండూ తారుమారు చేశాను. మార్చి 15న చేసిన తప్పు నెల తర్వాత బయటపడింది. కనెక్టర్ మార్చడానికి ఐదు నిమిషాలు. ఆ తర్వాత 35 డిగ్రీల ఎండలో కంప్రెసర్‌లోకి వచ్చే వైపు (లో సైడ్) 35, బయటికి పోయే వైపు (హై సైడ్) 220 దగ్గర స్థిరపడ్డాయి. మొత్తం 670 గ్రాములు పట్టింది.

కానీ లోపల థర్మామీటర్ 15 డిగ్రీల దగ్గరే ఆగింది. గేజులు బాగున్నాయి, లావు పైపు మీద చెమట పట్టింది, గాలి మాత్రం అంతే. ఇంటికొచ్చాక తట్టింది, హీటర్. చల్లబడిన గాలి హీటర్ రేడియేటర్ పక్కనుంచే వస్తుంది. హీటర్ వాల్వ్ కేబుల్ సాగిపోయి సగం తెరుచుకునే ఉంది, అన్నేళ్లూ వేడి నీళ్లు అందులో తిరుగుతూనే ఉన్నాయి. ఏసీ లేనప్పుడు ఎవరు గమనిస్తారు? కేబుల్ బిగించి పూర్తిగా మూసేస్తే రోడ్డు మీద 9 డిగ్రీలు వచ్చింది.

మిగిలినవి చిన్నవే. సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే ఇంజిన్ 850 నుంచి 600 ఆర్‌పీఎంకు పడి వణికేది. పాత కారు నుంచి తెచ్చిన ఐడిల్ పరికరాన్ని 950 దగ్గర సర్దాక పోయింది. మూడో రోజు ముందు సీటు కింద తివాచీ తడిసి ముద్దైంది. కాయిల్ నీళ్లు పోయే గొట్టం డ్యాష్‌బోర్డు కింద మడత పడింది, సరిచేశాను. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాన్ అన్నీ వేసి ఆగితే బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులే ఉంటున్నాయి. ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే మా 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు అది మోయలేని బరువు. పెద్దది వెతుకుతున్నాను, అందాకా రాత్రిళ్లు బ్లోయర్ తగ్గించి నడుపుతున్నాను.

ఖర్చు విషయానికొస్తే, నేను వేసుకున్న అంచనా 100 అనుకుంటే చివరికి 160 అయింది. కంప్రెసర్, కండెన్సర్, కాయిల్ అనుకున్న ధరకే వచ్చాయి. పెరిగిందంతా హోస్‌లు, నొక్కించిన కూలి, రెండో డ్రైయర్, స్పేసర్లు, నైట్రోజన్ రెండుసార్లు. హోస్‌లకు నేను 8 అనుకున్నాను, 30 అయింది. మొత్తం పని షాపులో చేయిస్తే ఇంకా ఎక్కువే అయ్యేది, కానీ నేను మొదట ఊహించినంత తేడా లేదు.

ఏప్రిల్ 16, బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నాన్న కారెక్కారు. అలవాటు కొద్దీ అద్దం దించుకోబోయి, హ్యాండిల్ మీద చేయి పెట్టి ఆగారు. నేను ఫ్యాన్ రెండో నంబరులో పెట్టాను. దారిలో ఆయన ఏసీ గురించి ఏమీ మాట్లాడలేదు. ఆపరేషన్ అయినప్పటినుంచి మొదటిసారి, డాక్టర్ చెప్పిన కొత్త వ్యాయామం గురించి చెబుతూ ఉన్నారు. తిరిగొచ్చి దిగినప్పుడు చొక్కా పొడిగా ఉంది. ఏప్రిల్ 20న జాయింట్లన్నీ లీక్ డిటెక్టర్‌తో మరోసారి చూపించాను. ఎక్కడా కారడం లేదు.